మూడు గాట్ల పిన్ను

నేరం ఒప్పుకున్న మనిషిని నేను ఒక పట్టాన నమ్మను. బొంకేవాడితో పేచీ లేదు, ఎక్కడో ఒకచోట నాలుక మడతపడుతుంది. ఒప్పుకున్నవాడు మాత్రం లోపలి నుంచి గడియ పెట్టుకుని కూర్చుంటాడు. ఇక మనం బయట నిలబడి తలుపు బాదుకోవలసిందే.

శనివారం మధ్యాహ్నం పన్నెండూ పదికి లాకప్‌లో నా ఎదురుగా కూర్చున్న మేస్త్రి అచ్చం అలాంటివాడు. అరవై దాటిన మనిషి. గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ గ్రీజు. ఆయన తరఫు వకీలు రాసిచ్చిన చీటీ చూపించి నేను ఊచల అవతలికి వెళ్ళేసరికి, ఎవరో ఏమిటో అడగకుండానే మొదలుపెట్టాడు.

"బోల్టు పెట్టడం మర్చిపోయానమ్మా. నా చేతులారా జరిగింది. రాసుకుని వెళ్ళండి."

జరిగింది ఇదీ. నిన్న ఉదయం తొమ్మిదీ యాభైకి, రాళ్ళ లోడుతో దిగుడులో వస్తున్న పాత లారీ ఒకటి మలుపు దగ్గర ఉన్నట్టుండి ఎడమకు లాగి గోతిలో పడింది. నడుపుతున్నది ఈ మేస్త్రి అల్లుడు. అంతకు ముందు సాయంత్రం ఆ లారీ ముందు కమాన్లకు అరిగిన పిన్నులు తీసి కొత్తవి వేసింది ఈ మేస్త్రే. అల్లుడికి తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. మామ లాకప్‌లో ఉన్నాడు. నాలుగింటికి కోర్టుకు తీసుకుపోతారు. ఒకసారి జడ్జి ముందు కూడా ఇదే మాట అనేశాడంటే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా వెనక్కి తిప్పలేడు.

ఈ ఇద్దరి మధ్యా నలిగిపోతున్న అమ్మాయి, ఒకరికి కూతురు, ఒకరికి భార్య, పొద్దున పదకొండింటికి ప్రైవేటు డిటెక్టివ్‌నని నన్ను ఆసుపత్రికి పిలిపించింది. రాత్రంతా కంటిమీద కునుకు లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "అక్కా, మా నాన్న బిగించింది ఊడదు. కానీ ఆయనే ఊడిందంటున్నాడు. నేనెవర్ని నమ్మాలి?" అని అడిగింది. భర్త గురించి అడిగితే ఒకటే చెప్పింది. మూడు నెలల క్రితం లారీ డిపోలో రాళ్ళ గుట్ట కూలి ఒక కూలీ చనిపోయాడట. గుట్టను అంత ఎత్తు పేర్చమన్నది ఎవరో చూసినవాడు ఈయనొక్కడే. సోమవారం విచారణకు వెళ్ళి సాక్ష్యం చెప్పాలి. గుండెల మీద బరువు దిగిపోతుందని వారం నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటున్నాడట.

అప్పుడే డిపో సూపర్‌వైజరు రెండు టీలు పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఆ అమ్మాయి ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. నిన్నటి నుంచీ తోడుగా ఉన్నది ఆయనే. రోగి పక్కన ఒక్కరే ఉండాలని ఆసుపత్రి నియమం కాబట్టి, తాను కూర్చుంటానని, ఇంటికెళ్ళి స్నానం చేసి కాస్త నడుం వాల్చి రమ్మని ఆమెను బతిమాలుతున్నాడు. నాతో మాత్రం గొంతు తగ్గించి, మేస్త్రి పెద్దవాడైపోయాడండీ, ఇదివరకటి చూపు లేదు, పాపం, అన్నాడు. మంచి మనిషే అనుకున్నాను. టీ కూడా బాగుంది.

ఇక లాకప్‌లోకి వద్దాం.

నాకు లారీల గురించి తెలిసింది సున్నా. అదే మేస్త్రికి చెప్పాను. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పమన్నాను. పని మాట ఎత్తేసరికి ఆయన గొంతులో కాస్త జీవం వచ్చింది. కమాను అంటే ముందు చక్రాల మీద లారీ బరువు మోసే ఇనప పట్టీల కట్ట. దాని కొసన చుట్ట చుట్టినట్టు ఒక కన్ను ఉంటుంది. ఆ కన్నులోంచి బొటనవేలంత లావు పిన్ను దూర్చి, లారీ అడుగు చట్రానికి ఉన్న బ్రాకెట్‌కు వేలాడదీస్తారు. పిన్ను జారిపోకుండా అడ్డంగా చిన్న బోల్టు ఒకటి. ఆ బోల్టు లేకపోతే గతుకు గతుకుకీ పిన్ను బయటికి నడుస్తుంది. పూర్తిగా పడిపోయిన మరుక్షణం చక్రాలు ఒక పక్కకు లాగేస్తాయి. అలాంటి పిన్నులు కమానుకు మూడు, రెండు కమాన్లకూ కలిపి ఆరు. ఊడిపోయింది ఎడమవైపు ముందుది.

"బోల్టులు ఎన్ని పెట్టారు?" అని అడిగాను.

"ఆరు."

"ఆరూ పెడితే మర్చిపోయింది ఎక్కడ?"

ఆయన నేలచూపులు చూశాడు. "అయిదే అయి ఉంటాయి."

"ఎడమవైపు ముందు పిన్ను ఎన్ని గంటలకు వేశారు?"

"ఆరూ ఇరవైకి."

ఆయన చేతికి వాచీ లేదు. వాచీ పెట్టుకున్న మచ్చ కూడా లేదు. షెడ్డులో గడియారం ఉందా అని అడిగాను. లేదన్నాడు. బండి కింద పడుకుని పనిచేసేవాడికి ఆరున్నర, ఆరు అయి ఉంటుంది, చీకటి పడే ముందు, ఇలాంటి లెక్కలుంటాయి. ఆరూ ఇరవై ఉండదు. ఆ ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందని నిలదీశాను. మనిషి ముడుచుకుపోయాడు. నేను కదల్లేదు. మౌనం విషయంలో నేను మొండిదాన్ని, పెళ్ళి కాకపోవడానికి అదొక కారణమని మా అమ్మ అంటూ ఉంటుంది.

చివరకు ఆయనే, "ఫోన్ వచ్చింది. ఫోన్‌లో టైము కనపడింది," అన్నాడు.

"ఎవరు చేశారు?"

"మా అమ్మాయి." గోడ వైపు తిరిగాడు. "నాన్నా, రేపు ఆయనకి దిగుడు రోడ్డు, బండి కాస్త జాగ్రత్తగా చూడు అని. చేతులు తుడుచుకుని బయటికొచ్చి మాట్లాడాను. మళ్ళీ వెళ్ళి కింద దూరాను. ఆ బోల్టు ముందే పెట్టానా, పెడదామనుకుని లేచానా, నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. నా చెయ్యి నాకు గుర్తు రావట్లేదమ్మా." మళ్ళీ నా వైపు తిరిగి, "దానికి మాత్రం చెప్పకండి. తాను ఫోన్ చెయ్యకపోతే బాగుండేదని చచ్చేదాకా కుమిలిపోతుంది. నేను మతిమరుపు ముసలాణ్ణని అనుకోనివ్వండి. ఫరవాలేదు," అన్నాడు.

గడియ ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడు అర్థమైంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోను. కానీ కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే నాలుగవుతుంది. తీసేసిన పాత సామాను ఏం చేశారని అడిగాను.

డీజిల్‌తో కడిగి గోనెసంచిలో కట్టి డ్రైవరు సీటు కింద పెట్టానన్నాడు. ఆరు పిన్నులు, వాటి చుట్టూ తొడిగే గొట్టాల్లాంటి బుష్షులు ఆరు. ఏం మార్చామో బండి తాలూకు వాళ్ళ కళ్ళకు కనిపించాలట. ప్రతిసారీ అలాగే కట్టి ఇస్తాడట, డ్రైవర్లు ఆ సంచిని డిపో ఆఫీసులో అప్పజెబుతారట.

స్టేషన్ వెనక పెరట్లో లారీని క్రేనుతో తెచ్చి పడేశారు. పన్నెండూ నలభైకి నేను అక్కడున్నాను. కాపలా కానిస్టేబులుకు మా పిన్నిగారి అబ్బాయి క్లాస్‌మేటు. చుట్టరికం ఎంత దూరమైనా అవసరానికి దగ్గరవుతుంది. పాత గోనెపట్టా ఒకటి అడిగి తీసుకుని, చీర కొంగు నడుముకు దోపి, లారీ కిందికి దూరాను.

ఎడమవైపు కమాను కొస బ్రాకెట్ నుంచి విడిపోయి వేలాడుతోంది. బ్రాకెట్‌లో పిన్ను ఉండాల్సిన చోట ఖాళీ. దాని పక్కనే బోల్టు దూరే చిన్న రంధ్రం. టార్చి వేసి చూశాను. బ్రాకెట్ అంతా తుప్పు, పాత మట్టి. ఆ రంధ్రం చుట్టూ మాత్రం చిన్న ఉంగరమంత మేర తళతళా మెరుస్తోంది. ఉంగరం అంచున వంకరగా ఒక గీత, పిల్లి గీరినట్టు.

కుడివైపు వెళ్ళి చూశాను. అక్కడ బోల్టు చక్కగా ఉంది. కానిస్టేబులును స్పానర్ అడిగాను. ఇవ్వనన్నాడు. తప్పు నా మీద వేసుకుంటానంటే ఇచ్చాడు. మోకాలు ఆనించి, పళ్ళు బిగించి తిప్పితే కిర్రుమని ఊడింది. దాని కింద చుట్ట తిరిగిన వాషరు ఒకటి ఉంది, ఒక కొస పైకి లేచి పదునుగా. అది తీస్తే అడుగున అదే మెరుపు ఉంగరం, అంచున అదే గీత. బిగించేటప్పుడు వాషరు సాఫీగా తిరుగుతుంది. విప్పేటప్పుడే కొస ఇనుములో దిగి గీరుతుంది. నా ఎదురుగానే గీరింది.

అంటే ఎడమవైపు బోల్టు పెట్టారు. గట్టిగా బిగించారు. ఆ తర్వాత ఎవరో స్పానర్ పెట్టి విప్పారు.

ఇంకాస్త వెనక్కి పాకితే చట్రం అడుగున జాకీ ముద్ర కనిపించింది. రంగు లేచిపోయి ఇనుము కరిచినట్టు ఉంది, తుప్పు ఇంకా పట్టలేదు. కుడివైపు జాకీ పెట్టిన చోట అలాంటి ముద్ర లేదు, నలిగిన చెక్క పొట్టు అంటుకుని ఉంది. మేస్త్రి జాకీకీ చట్రానికీ మధ్య చెక్కదిమ్మ పెడతాడన్నమాట. ఎడమవైపు కూడా చెక్క పొట్టు ఉంది, జానెడు అవతల. ఈ కరిచిన ముద్ర వేరే చేతిది.

తర్వాత సీటు కింద సంచి విప్పాను. బుష్షులు ఆరు. పిన్నులు అయిదు. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ అయిదే. అయిదింటి తల మీదా వరసగా మూడు గాట్లు, ఉలితో కొట్టినట్టు. అదేమిటో తెలియలేదు. లారీకి ఉన్న మిగతా అయిదు పిన్నుల తలలూ చూశాను. నున్నగా, అద్దంలా ఉన్నాయి.

"డిటెక్టివ్ గారూ, బండి కింద దూరితే మేస్త్రి అయిపోతారా?"

ఎవరో తల తిప్పి చూడక్కర్లేదు. ఇన్‌స్పెక్టరును చాటుమాటున అందరూ 'అరగంట' అంటారు. ఏ కేసైనా అరగంటలో ముగిస్తాడని పేరు. సగం కేసులు తర్వాత కోర్టులో మళ్ళీ లేచి కూర్చుంటాయి, అది వేరే సంగతి. మేమిద్దరం ఆరేళ్ళుగా ఉప్పూ నిప్పూ.

"లాకప్‌లో వేస్తే నేరస్థుడు అయిపోతాడా?" అంటూ బయటికి పాకాను. జుట్టు నిండా మట్టి. ఆ అవతారంలో దబాయించడం కష్టమే కానీ నాకు అలవాటే.

స్పానర్ చూసి ఆయన మండిపడ్డాడు. సాక్ష్యం చెడగొట్టినందుకు నా మీద కూడా కేసు రాస్తానన్నాడు. రాసేలోపు నేను చూసింది చెప్పాను. ఆయన బుద్ధిహీనుడేమీ కాదు, నిదానం లేదు, అంతే. ఒక్కో దానికీ జవాబు ఇచ్చాడు. బోల్టు బిగించి, ఏదో సరిచెయ్యడానికి మేస్త్రే మళ్ళీ విప్పి, ఈసారి పెట్టడం మర్చిపోయి ఉంటాడట. జాకీ ఎవడైనా ఎక్కడైనా పెట్టి ఉంటాడట. పాత పిన్ను ఒకటి షెడ్డులో ఏ మూలో దొర్లిపోయి ఉంటుందట. మూడింటికీ నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఆ క్షణంలో, మా ఇద్దరిలో తెలివైనవాడు ఆయనేనేమో అని కూడా అనిపించింది.

"పైగా ఆ ఊడిన పిన్ను మేస్త్రి వేసిందే. దాని మీద ఆయన ముద్ర ఉంది. లోపలికి రండి, చూపిస్తాను," అన్నాడు.

ఆయన గదిలో బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో పిన్ను ఉంది. మలుపుకు నలభై అడుగుల ముందు, రోడ్డు పక్క బురదలో దొరికిందట. ఎండిన బురద ముద్దలా ఉంది తప్ప పిన్నులా లేదు.

"ముద్ర ఎక్కడుంది?"

"బురద కింద. ల్యాబ్‌కు పంపాలి కాబట్టి కడగలేదు." ఫైలు తీసి ఒక కాగితం నా ముందుకు తోశాడు. "ఇదిగో, వాంగ్మూలం. మేస్త్రి తాను వేసే ప్రతి పిన్ను తల మీదా మూడు గాట్లు పెడతాడు, ఊడిన దాని మీద కూడా అవే ఉంటాయి, చూసుకోండి అని స్పష్టంగా చెప్పాడు."

"ఎవరు?"

"డిపో సూపర్‌వైజరు. బాధ్యత గల మనిషి."

కాగితం చదివాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. లారీ నిన్న ఉదయం ఏడూ నలభైకి డిపోకు వచ్చింది. లోడు సిద్ధంగా లేదు కాబట్టి డ్రైవరును టీ తాగి రమ్మని తానే పంపాడు. డ్రైవరు ఎనిమిదిన్నరకు తిరిగి వచ్చాడు. ఆ తర్వాత లోడు ఎత్తి, తొమ్మిదీ అయిదుకు గేటు దాటించారు. కింద సంతకం.

"ఒకసారి కడుగుదాం. మీ చేత్తోనే. ఫొటోలు తీయించి మరీ," అన్నాను.

ఆయనకు అది పండగలా తోచింది. గిన్నెలో నీళ్ళు, పాత బ్రష్షు తెప్పించాడు. స్టేషన్ రైటరు ఫొటోలు తీశాడు. బురద కరిగి నీళ్ళు ఎర్రబడ్డాయి. పిన్ను తల తుడిచి వెలుతురుకు పట్టాడు. మూడు గాట్లు. వరసగా, ఉలితో కొట్టినట్టు.

"చాలా?" అన్నాడు అరగంట, కుర్చీలో వెనక్కి వాలి.

నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం ఓడిపోయాననే అనుకున్నాను. ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చింది. నాలుగింటికి ఆమెకు ఏం చెప్పాలో కూడా మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు పెరట్లో చూసినవి మళ్ళీ కళ్ళ ముందు తిరిగాయి. లారీకి ఉన్న అయిదు కొత్త పిన్నుల తలలు నున్నగా ఉన్నాయి. గాట్లున్నవి సంచిలో ఉన్న పాతవి.

"ఇన్‌స్పెక్టరు గారూ, తాను వేసేవాటికి ముద్ర కొట్టేవాడైతే లారీ మీదున్న అయిదింటికీ ఎందుకు లేదు? తీసేసి సంచిలో కట్టిన అయిదింటికీ ఎందుకుంది?"

ఈ పిన్ను మేస్త్రికి చూపించారా అని అడిగాను. ఒప్పుకున్న మనిషికి చూపించడం ఎందుకని చూపించలేదట. పిన్ను జేబురుమాలులో పెట్టుకుని నేను లేచాను. ఆయన ఆపలేదు, నా వెనకే వచ్చాడు.

ఒంటి గంటా పది. మేస్త్రి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏమీ చెప్పకుండా పిన్ను ఆయన అరచేతిలో పెట్టాను.

ఆ చెయ్యి చూడాలి. కళ్ళు ఇంకా తెరవకముందే బొటనవేలు పిన్ను పొడవునా జారింది, ఒకచోట ఆగింది, వెనక్కి వచ్చి మళ్ళీ ఆగింది. తర్వాత తల మీదికి వెళ్ళి గాట్లను తడిమింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"ఇది నేను తీసేసింది కదమ్మా. మీకెక్కడిది?"

"రోడ్డు మీద దొరికింది. లారీ నుంచి ఊడి పడింది ఇదే."

"కాదు," అన్నాడు. నేను చూశాక ఆ మనిషి గట్టిగా అన్న మొదటి మాట అది. "ఇక్కడ చూడండి, సగం తినేసింది. మూడేళ్ళ అరుగుదల ఇది. ఒక్క పూటలో ఇంత అరగదు. ఇలాంటి దాన్ని నా అల్లుడి బండికి వేస్తానా నేను?"

"మరి ఈ గాట్లు?"

గాట్లు ఎందుకో చెప్పాల్సి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకున్నట్టు లేదు. చేతులు ఎందుకు కడుక్కుంటావని అడిగినట్టు చూశాడు. చాలా ఏళ్ళ క్రితం ఆయన తీసి పారేసిన పిన్ను ఒకటి ఎవరో రుద్ది మెరిపించి, కొత్తదని చెప్పి వేరే బండికి తగిలించారట. ఆ బండి బోల్తా పడింది. అప్పటి నుంచి తీసేసిన ప్రతి ముక్క తల మీదా ఉలితో మూడు దెబ్బలు వేసి గానీ సంచిలో వెయ్యడు. ఇది ఇక పనికిరాదు, మళ్ళీ బండెక్కించొద్దు అని గుర్తు. కొత్తవాటి మీద ఉలి ఆనించడు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?" అని ఇన్‌స్పెక్టరే అడిగాడు. గొంతులో అరగంట దర్జా లేదు.

"ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు సార్. డ్రైవర్లకీ తెలుసు. పక్కనే నిలబడి చూస్తారు కదా. తెలియనిది ఆఫీసులో కూర్చునేవాళ్ళకే. వాళ్ళ దగ్గరికి కొత్తవి ఎలా వస్తాయి? సంచిలో పాతవే వెళ్తాయి."

పాతవే వెళ్తాయి. ఏడాది పొడవునా డిపో ఆఫీసు బల్ల మీద విప్పిన ప్రతి సంచిలోనూ మూడు గాట్ల పిన్నులే. మేస్త్రి చేతి నుంచి వచ్చిన ప్రతి పిన్ను మీదా అవే గాట్లు చూసినవాడు, అది మేస్త్రి సంతకమనే అనుకుంటాడు. ఆ సంతకం ఉన్న పిన్నే లారీకి ఉంటే పాపం మొత్తం మేస్త్రి నెత్తిన పడుతుందనీ అనుకుంటాడు. అందుకే అంత జాగ్రత్తగా సంచిలోంచి ఒకటి ఏరి తీశాడు. పాతది కాబట్టి వదులుగా కూడా ఉంటుంది, త్వరగా ఊడుతుంది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. ఎవరూ అడగకముందే గాట్లు చూసుకోండని పోలీసులకు చెప్పడం మాత్రం, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమే.

ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నాడు. "ఏడూ నలభై నుంచి ఎనిమిదిన్నర. యాభై నిమిషాలు. బండి ఖాళీగా ఉంది. మేస్త్రీ, పిన్ను మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"తుప్పు పట్టినదైతే పూట పడుతుంది. ముందు రోజు సాయంత్రమే గ్రీజు పెట్టి వేసింది కదా సార్. జాకీ ఎత్తి, బోల్టు విప్పితే రెండు సుత్తి దెబ్బలు. పని రానివాడికైనా అరగంట చాలు."

ఆ మాటకు నవ్వు రావాల్సింది. ఎవరికీ రాలేదు.

మేస్త్రి పిన్నును రెండు చేతులతో పట్టుకుని లేచి నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, అయితే బోల్టు..."

"పెట్టారు. గట్టిగానే బిగించారు. అది విప్పితేనే మీ పిన్ను బయటికి వచ్చింది. ఆ గీత నేను చూశాను. మీ చెయ్యి ఏమీ మర్చిపోలేదు."

ఆయన పిన్ను నుదుటికి ఆనించుకుని, నిలబడిన చోటే కూర్చుండిపోయి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. సంతోషానికో, నిన్నటి నుంచి దిగమింగినదానికో తెలియదు. ఒక్క క్షణం కేసు అయిపోయినట్టే అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. సోమవారం సాక్ష్యం. గుట్ట అంత ఎత్తు పేర్చమన్నది ఎవరో చూసినవాడు ఒక్కడే. డిపోలో గుట్టలు ఎలా పేర్చాలో చెప్పేది ఎవరు? ఆ వాంగ్మూలం కింద సంతకం పెట్టిన సూపర్‌వైజరే. లారీ గోతిలో పడినా ఆ సాక్షి చావలేదు. సాయంత్రంలోపు తెలివి రావచ్చని డాక్టరు అన్నాడని పొద్దున ఆసుపత్రిలో ఆ అమ్మాయి చెప్పింది. అప్పుడు మా పక్కన రెండు టీలతో నిలబడి ఉన్నది ఎవరు?

"ఆసుపత్రిలో మీ కానిస్టేబులు ఉన్నాడా?" అని అడిగాను.

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. "భోజనానికి వచ్చేశాడట. సూపర్‌వైజరు గారు తాను చూసుకుంటానన్నారట."

నేను అమ్మాయికి ఫోన్ చేశాను. నాలుగో రింగుకు ఎత్తింది. నిద్ర నిండిన గొంతు. ఎక్కడున్నావంటే ఇంట్లో ఉన్నానంది. నేను ఇంకేం అడగకముందే ఆమే అందుకుంది. ఆ గొంతులో అంత సంతోషం నేను మొదటిసారి విన్నాను.

"అక్కా, మీకే చేద్దామనుకుంటున్నాను. ఆయన కళ్ళు తెరిచారట. ఇప్పుడే సూపర్‌వైజరు అన్నయ్య ఫోన్ చేశాడు. నర్సుకు కూడా ఇంకా చెప్పలేదట, ముందు నాకే చెప్పాడు. తొందరపడి రావద్దు, హాయిగా నిద్రపోయి రా, నేను పక్కనే ఉన్నాను కదా, అన్నాడు."